అతిథి చేయి ఆగినపుడు

కడప పట్టణం నుండి ఒక తల్లి మాకు లేఖ వ్రాశారు. ఆమె కుమారుడు ఒక సాంస్కృతిక వినిమయ కార్యక్రమానికి ఎంపికయ్యాడు. చైనాలో ఒక కుటుంబం ఇంట్లో కొన్ని నెలలు నివసించవలసి ఉంది. ఆ కుటుంబం మంచిదేనని నిర్వాహకులు చెప్పారు. వీడియో కాల్‌లో ఆ ఇంటి ఇల్లాలు చేతులు ఊపి నవ్వింది కూడా. అయినా ఈ తల్లికి నిద్ర పట్టడం లేదు. ఆమె భయమంతా తన బిడ్డ స్వభావం గురించే. "మా వాడు సిగ్గరి. ఎవరైనా ప్రేమగా వడ్డిస్తే వద్దనలేడు. వాళ్ళు నొచ్చుకుంటారేమోనని తినరానిది తినేస్తాడు. లేదంటే ఏమీ చెప్పక పస్తుంటాడు. ఏది జరిగినా నాకు దుఃఖమే. ఏం చెప్పి పంపమంటారు?" అని ఆమె అడిగారు. ఈ నెల మా శీర్షికను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

రాయలసీమ కరవు నేల నుండి బిడ్డలు పరాయి ఇండ్లకు వెళ్ళడం కొత్త సంగతి కాదు. కడప, రాయచోటి పరిసరాల నుండి ఎందరో స్త్రీపురుషులు దశాబ్దాలుగా కువైట్‌కు వెళ్ళి, అక్కడి ఇండ్లలో వంటవారుగా, ఇంటి పనివారుగా, డ్రైవర్లుగా జీవిస్తున్నారు. పరాయి గడపలో ఎలా మెలగాలో ఆ కుటుంబాలకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే వారు వెళ్ళింది జీతం కోసం. మన ముస్లిం కుటుంబాల నుండి వెళ్ళినవారికి ఆ ఇంటివారు స్వధర్మీయులు కూడా. ఈ బిడ్డ వెళుతున్నది అతిథిగా. ఆ ఇంటివారు మన ధర్మాన్ని ఎరుగనివారు. పనివాడికి ఒప్పందం అండగా ఉంటుంది. అతిథికి తన నడవడి, ఆతిథేయుల మంచితనం తప్ప వేరే అండ లేదు.

చైనా పేరు కూడా మన ప్రాంతానికి అపరిచితం కాదు. వైద్య విద్య కోసం తెలుగు విద్యార్థులు ఎందరో ఆ దేశానికి వెళ్ళారు. 2020 జనవరి 31, ఫిబ్రవరి 1 తేదీలలో వూహాన్ నుండి రెండు ఎయిర్ ఇండియా విమానాలు 647 మంది భారతీయులను స్వదేశానికి చేర్చిన నాటి ఆందోళన తల్లిదండ్రుల మనసులలో ఇంకా మాసిపోలేదు. కాని ఆ విద్యార్థులలో అత్యధికులు హాస్టలులో ఉండి, తమ వంట తామే వండుకొని, తమవారి మధ్యనే మెలిగినవారు. ఒక చీనీ కుటుంబపు భోజనపు బల్ల వద్ద దినదినమూ కూర్చోవడం వేరు. అక్కడ హాస్టలు తలుపు అడ్డు ఉండదు.

విద్యార్థిని పరాయి దేశపు కుటుంబంలో ఉంచే పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. నేడు ప్రపంచమంతటా ఈ పని చేస్తున్న ఏఎఫ్ఎస్ అనే సంస్థ 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రులను మోసిన అంబులెన్సు స్వచ్ఛంద సేవకులతో మొదలయింది. రెండవ యుద్ధం ముగిసిన తరువాత, 1946 నుండి, అదే సంస్థ విద్యార్థుల వినిమయం వైపు మళ్ళింది. యుద్ధంలో శరీరాలను మోసినవారు, మళ్ళీ యుద్ధం రాకుండా పిల్లలను ఒకరి ఇంటికి ఒకరిని పంపాలని తలచారు. అమెరికా ప్రభుత్వం 2002లో ముస్లింలు గణనీయంగా ఉన్న దేశాల విద్యార్థుల కోసం కెన్నెడీ-లూగర్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. భారతదేశం నుండి కూడా అందులో విద్యార్థులు వెళ్ళి అమెరికన్ కుటుంబాలలో ఒక విద్యా సంవత్సరం గడిపారు. కనుక పరాయి మతస్థుల ఇంట్లో ముస్లిం బిడ్డ ఉండి చదవడం కనీవినీ ఎరుగని సాహసమేమీ కాదు. అయితే సిద్ధం చేసి పంపవలసిన ప్రయాణం.

వడ్డించినవారి మనసు

దివ్య ఖుర్‌ఆన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) అతిథుల వృత్తాంతం, వారికి పెట్టిన భోజనం ప్రస్తావనతో సహా, హూద్ సూరాలోనూ జారియాత్ సూరాలోనూ వస్తుంది. అపరిచితులు ఇంటికి వచ్చి సలాం చెప్పారు. ఆయన ప్రతి సలాం చెప్పి, మెల్లగా ఇంటిలోనికి వెళ్ళి, కాల్చిన దూడ మాంసం తెచ్చి వారి ముందుంచారు. వారి చేతులు ఆహారం వైపు సాగలేదు. అది చూసి ఆయన హృదయంలో భయం కలిగింది. అతిథులు ఆ భయాన్ని గ్రహించారు. భయపడవద్దని చెప్పి, తామెవరో, ఏ పని మీద వచ్చారో తెలియజేశారు. వారు దైవదూతలు, ఆహారం తీసుకోనివారు.

ఈ వృత్తాంతాన్ని మనం సాధారణంగా ఆతిథ్యపు గొప్పదనం కోసం చెప్పుకుంటాము. అందులో అతిథికి కూడా ఒక పాఠం ఉన్నది. వడ్డించిన ఆహారం ముందు అతిథి చేయి ఆగినపుడు ఇంటివారి గుండె కలవరపడుతుంది. వంట బాగోలేదా, మా వల్ల ఏదైనా తప్పు జరిగిందా, ఈ మనిషి మాకు మిత్రుడా కాదా అని నూరు ఆలోచనలు కలుగుతాయి. ఒక ప్రవక్త హృదయమే కలవరపడినపుడు, చైనాలో ఒక గృహిణి మనసు ఎంత? ఆ కలవరాన్ని తీర్చవలసిన బాధ్యత అతిథిది. మౌనంగా చేయి వెనక్కు తీసుకోవడం ధర్మాన్ని కాపాడవచ్చును గాని, ఆతిథేయుని భయంలో వదిలివేస్తుంది. మొహమాటంతో తినివేయడం ఆతిథేయుని సంతోషపెట్టవచ్చును గాని, ధర్మాన్ని పోగొడుతుంది. కారణం విప్పి చెప్పడం ఒక్కటే రెండింటినీ నిలుపుతుంది.

కాబట్టి ఆ సోదరికి మా మొదటి సలహా ఇది: మీ బిడ్డకు 'వద్దు' అనడం కన్నా ముందు 'ఎందుకు వద్దో' చెప్పడం నేర్పండి. వడ్డించిన తరువాత చెప్పే మాట ఎంత మృదువుగా ఉన్నా తిరస్కారంలా వినిపిస్తుంది. వండక ముందే, వీలైతే ప్రయాణానికి ముందే చెప్పిన మాట సమాచారం అవుతుంది. ఇంటివారు దానిని అవమానంగా తీసుకోరు. తమ అతిథిని చక్కగా చూసుకోవడానికి దొరికిన దారిగా తీసుకుంటారు.

ఇస్లాం చరిత్రలో తొలి హిజ్రత్ కూడా పరాయి మతస్థుల నేలకే జరిగింది. క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా హింసను తాళలేక కొందరు విశ్వాసులు క్రైస్తవ ప్రభువు నజాషీ పాలిస్తున్న హబ్షాకు వెళ్ళారు. వారిని అప్పగించమని ఖురైషీయులు కానుకలతో దూతలను పంపారు. సభలో ముస్లింల తరఫున హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజియల్లాహు అన్హు) నిలిచి, తాము పూర్వం ఎలా ఉండేవారో, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమకు ఏమి నేర్పారో దాపరికం లేకుండా వివరించారు. మరునాడు హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) గురించి అడిగినపుడు కూడా, ప్రభువుకు నచ్చుతుందో లేదోనని మాట మార్చలేదు. ఆశ్రయమిచ్చినవాని ముందు ప్రాణభయంతో నిలిచినవారే అంత మృదువుగా, అంత స్పష్టంగా మాట్లాడగలిగారు. కోరి పిలిచిన కుటుంబం ముందు మాట్లాడడానికి మన బిడ్డకు జంకు ఎందుకు?

వంటింటిలో చెప్పవలసిన మాటలు

స్పష్టంగా చెప్పాలంటే ముందు విషయం తెలిసి ఉండాలి. "నేను పంది మాంసం తినను" అన్న ఒక్క మాట చైనాలో చాలదు. చీనీ భాషలో మాంసాన్ని 'రోవ్' అంటారు. విశేషణం ఏదీ లేకుండా ఆ మాట వాడితే సాధారణంగా పంది మాంసమనే అర్థం. కూరగాయల వేపుడులో కూడా పంది కొవ్వు వాడే ఇండ్లున్నాయి. మాంసం, చేపల నీచు వాసన పోవడానికి వంటలో కొద్దిగా సారా వంటి ద్రవాన్ని పోయడం అక్కడ సర్వసాధారణం. ఉత్తర చైనాలో పండుగ పూట కుటుంబమంతా కూర్చొని చేసే 'జియావ్‌జి' అనే కజ్జికాయ ఆకారపు పిండివంటలో కూరేది ఎక్కువగా పంది ఖీమానే. ఇవన్నీ మోసంతో చేసేవి కావు. మనం పోపులో ఆవాలు వేసినంత సహజంగా వారు చేసేవి. అడిగితే తప్ప చెప్పాలని వారికి తోచదు.

కోడి, గొర్రె, ఎద్దు మాంసం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. చైనాలోని సామాన్య కుటుంబాలలో ఏ మతాన్నీ పాటించనివారు, బౌద్ధ, తావో సంప్రదాయాలను అనుసరించేవారు అధికం. గ్రంథ ప్రజల ఆహారం విషయంలో షరీఅత్ ఇచ్చిన అనుమతి వారికి వర్తించదు. కనుక ఆ ఇంటి మాంసం ఏదైనా మనకు ధర్మసమ్మతం కాదు. అలాగని బిడ్డ ఆకలితో ఉండనక్కరలేదు. అన్నం, గుడ్లు, చేపలు, సోయా పాలతో చేసే తోఫూ, ఆకుకూరలు, పుట్టగొడుగులు, పండ్లు అక్కడ సమృద్ధిగా దొరుకుతాయి. జియావ్‌జిలోనే గుడ్డు, ఉల్లికాడల వంటి ఆకు కలిపి కూరే రకం ఒకటి అందరికీ తెలిసినదే. ఇంటివారితో కలిసి కూర్చొని ఆ రకం చేయడానికి పూనుకుంటే పండుగ ఆనందమూ దక్కుతుంది. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం నీటి జీవులలో చేప మాత్రమే అనుమతి పొందినది. పీతలు, స్క్విడ్‌లు బల్ల మీదికి వచ్చే దేశం గనుక ఆ సంగతి కూడా బిడ్డకు తెలిసి ఉండాలి.

పాత్రల గురించి కొందరు అతిగా కలత చెందుతారు. దీనికి హదీసులోనే సమాధానం ఉన్నది. హజ్రత్ అబూ సాలబా అల్ ఖుషనీ (రజియల్లాహు అన్హు) గ్రంథ ప్రజల నడుమ నివసిస్తూ, వారి పాత్రలలో తినవచ్చునా అని అడిగారు. వేరే పాత్రలు దొరికితే వాటినే వాడమని, దొరకని పక్షంలో కడిగి వాడుకొమ్మని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఒక చిన్న మూకుడు, ఒక పళ్ళెం, ఒక గిన్నె బిడ్డ సామానులో పెట్టి పంపితే ఈ సమస్య చాలా వరకు తీరుతుంది. వంటింటిలో తన వంతు పని చేసే అతిథి ఏ దేశంలోనైనా ఇంటివారికి ఇష్టుడే.

ఇక చైనాలో హలాల్‌కు వేరుగా ఒక పేరున్నది: 'చింగ్‌జెన్'. పవిత్రమూ సత్యమూ అని దాని అర్థం. ఆ దేశంలో హుయీ జాతి ముస్లింలే కోటికి పైగా ఉన్నారు. లాన్‌జౌ నగరపు పేరుతో పిలిచే ఎద్దు మాంసపు నూడుల్స్ దుకాణాలు చిన్న చిన్న పట్టణాలలో కూడా కనిపిస్తాయి. వాటిని నడిపేవారిలో ముస్లింలు అధికం. బిడ్డ ఒక సాయంత్రం ఇంటివారిని అలాంటి భోజనశాలకు తీసుకువెళ్ళి తానే ఆతిథ్యమిస్తే, 'మా ఆహారం ఇది' అని చెప్పడానికి అంతకన్న మంచి మార్గం లేదు.

నమాజు, పండుగలు, మద్యం

నమాజు విషయంలోనూ మొదటి రోజు మాటే మేలు. రోజుకు అయిదుసార్లు ఒక మూల కొద్ది నిమిషాలు కావాలని, తెల్లవారుజామున లేస్తానని, దీపం వేస్తానని ముందే చెప్పాలి. అపార్టుమెంటులో ఒక గదికీ మరొక గదికీ మధ్య గోడ పలుచన. అలారం మోత తగ్గించుకోవాలి. వజూ చేస్తూ ముఖం కడుక్కునే తొట్టిలో కాళ్ళు పెడితే ఇంటివారికి అసహ్యం కలగవచ్చు. స్నానాల గదిలో క్రింద కడుక్కొని, తడిసిన నేలను తుడిచి రావాలి. చైనా తూర్పు నగరాలలో కిబ్లా మనకు మాదిరిగానే పడమటి దిక్కున, కొద్దిగా ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. పదిహేను రోజులు, అంతకు మించి ఒకే ఊరిలో ఉండాలని సంకల్పించినవాడు హనఫీ మస్లక్ ప్రకారం ప్రయాణికుడు కాడు. నమాజులు పూర్తిగానే చదవాలి. ఉపవాసాల మాసం వస్తే, మంచినీరు కూడా త్రాగనని ముందే చెప్పి, అది తన ఇష్టపూర్వకమైన ఆరాధన అని వివరించాలి. లేకుంటే ఇబ్రాహీం (అలైహిస్సలాం) హృదయంలో కలిగిన కలవరం ఆ ఇంట ముప్పది రోజులూ కలుగుతుంది.

విందులలో 'గన్‌బెయ్' అని కేక వేసి గ్లాసులు ఖాళీ చేయడం అక్కడి ఆచారం. మద్యం ముట్టనని చెప్పి, టీ గ్లాసు ఎత్తితే అభ్యంతరం చెప్పేవారు అరుదు. అయితే మొదటి విందులోనే చెప్పాలి. మొదట ఒక చుక్క పుచ్చుకొని తరువాత మానుకుంటానంటే ఎవరూ నమ్మరు. ఏప్రిల్ మొదటి వారంలో వచ్చే చింగ్‌మింగ్ దినాన కుటుంబాలు పెద్దల సమాధులను శుభ్రపరచి, అగరువత్తులు వెలిగిస్తాయి. చనిపోయినవారిని స్మరించే కుటుంబం పక్కన మౌనంగా, గౌరవంగా నిలబడవచ్చు. అగరువత్తి పట్టుకోవడం, నమస్కరించడం మాత్రం మన విశ్వాసానికి తగదు. 'మా ధర్మంలో చనిపోయినవారి కోసం దైవాన్నే వేడుకుంటాము' అని ఒక్క మాట చెబితే చాలు. తల్లిదండ్రుల పట్ల ప్రేమ ఉన్నవారెవరూ ఆ మాటను తప్పుగా తీసుకోరు.

మన వైపు నుండి పాటించవలసిన మర్యాదలూ ఉన్నవి. అన్నం గిన్నెలో తినే పుల్లలను నిలువుగా గుచ్చరాదు. మృతులకు పెట్టే అగరువత్తులను అది తలపిస్తుంది. గోడ గడియారాన్ని కానుకగా ఇవ్వరాదు. ఆ మాటల ఉచ్చారణ చీనీ భాషలో అంతిమ వీడ్కోలు పలకడంలా వినిపిస్తుంది. వస్తువును రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో పుచ్చుకోవాలి. చెప్పులు గడప వద్దనే విడవాలి. ఇవి మన విశ్వాసానికి ఏ హానీ చేయవు. ఇంటివారి మనసుకు ఎంతో హాయి నిస్తాయి. విడువరాని వాటిలో గట్టిగా నిలవాలంటే, విడువదగిన వాటిలో ఉదారంగా ఉండాలి. ప్రతి దానికీ తల అడ్డంగా ఊపే అతిథి చెప్పే అసలైన 'వద్దు'కు బరువు ఉండదు.

ఆ ఇంట దొరికే చుట్టరికం

ఆ ఇంట మన బిడ్డకు ఆశ్చర్యం కలిగించే సామ్యాలు ఎన్నో కనిపిస్తాయి. అక్కడి పాత తరం వారు ఎదురుపడితే 'అన్నం తిన్నావా?' అనే పలకరిస్తారు. తండ్రి తల్లికి ఒక పేరు, తల్లి తల్లికి మరొక పేరు. మన దాదీ, నానీ, తెలుగులో నాయనమ్మ, అమ్మమ్మ వంటివే. అన్నకూ తమ్మునికీ, అక్కకూ చెల్లెలికీ వేరు వేరు పిలుపులున్నవి. తమ్ముణ్ణి 'దీదీ' అంటారని తెలిస్తే మన పిల్లలు నవ్వుకుంటారు. పెద్దలను పేరు పెట్టి పిలవని ఇల్లు అది. రాయలసీమ బిడ్డకు అక్కడ ఇంగ్లీషు కన్న చీనీ మర్యాదే దగ్గరగా తోస్తుంది.

హుయీ ముస్లింలను కలిస్తే ఆ ఆశ్చర్యం రెట్టింపవుతుంది. క్రీ.శ. 651లోనే హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హు) కాలంలో అరబ్బు దూతలు తాంగ్ చక్రవర్తి ఆస్థానానికి చేరినట్లు చీనీ చరిత్ర గ్రంథాలు నమోదు చేశాయి. షీఆన్ నగరపు పెద్ద మస్జిదు చూడడానికి చీనీ రాజప్రాసాదంలా ఉంటుంది. లోపల గోడల మీద అరబ్బీ లిపి. హుయీ ముస్లింలు ప్రార్థనను మన వలెనే పారసీ మాటతో 'నమాజు' అనే అంటారు. మిత్రునికి వారి నోటి మాట కూడా 'దోస్త్' నుండి వచ్చినదే. మస్జిదు పెద్దను 'ఆహోంగ్' అంటారు. మన ఆఖూన్ మాటే అది. హెనాన్ రాష్ట్రంలోని కైఫెంగ్ వంటి పట్టణాలలో స్త్రీల కోసం ప్రత్యేకంగా మస్జిదులు, వాటిలో స్త్రీలకు బోధించే స్త్రీ ఆహోంగ్‌లు తరతరాలుగా ఉన్నారు. మన సోదరీమణులు ఆలోచించదగిన విషయమిది.

విద్య కోసం చైనాకైనా వెళ్ళమన్న మాటను మన సభలలో హదీసుగా చెప్పడం పరిపాటి. హదీసు విద్వాంసులు అనేకులు దానిని బలహీనమైనదన్నారు. ఇబ్నుల్ జౌజీ కల్పితాల జాబితాలో చేర్చారు. కనుక దానిని దైవప్రవక్త (స)కు ఆపాదించకపోవడమే మేలు. విద్యార్జన ప్రతి ముస్లిముపై విధి అన్న బోధన మనకు చాలును. కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హఖ్ ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసి వచ్చి, 1947లో తమ ఊరిలో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. దూరదేశపు చదువు ఇంటికి తిరిగివచ్చి పదిమందికి నీడ కావడమంటే అది.

దాచరాని రెండు సంగతులు

షిన్‌జియాంగ్‌లో ఉయిగూర్ ముస్లింలు అనుభవిస్తున్న కష్టాలను ఈ పత్రిక పాఠకులు ఎరుగుదురు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న వెలువరించిన నివేదిక, అక్కడి నిర్బంధాలు మానవాళిపై జరిగిన నేరాలు కావచ్చునని పేర్కొన్నది. చైనా ప్రభుత్వం దానిని తిరస్కరించింది. ఆ బాధను మనం మరువరాదు. కాని ప్రభుత్వం చేసినదానికి, తన ఇంట ఒక బిడ్డకు అన్నం పెట్టే గృహిణిని జవాబుదారు చేయడం న్యాయం కాదు. భోజనపు బల్ల వద్ద ఆ వాదన తెచ్చి ఆ కుటుంబాన్ని ఇరకాటంలో పెట్టరాదు. విదేశీయులు అక్కడ మత ప్రచారం చేయడాన్ని చట్టం అనుమతించదు. స్వంతానికి ఖుర్‌ఆన్ ప్రతిని తీసుకువెళ్ళవచ్చు, కరపత్రాలను కాదు. విదేశీయుడు ఎవరి ఇంట్లోనైనా దిగితే 24 గంటలలోగా స్థానిక పోలీసుల వద్ద నమోదు చేయించాలి. ఇంటివారు మరచినా బిడ్డ గుర్తుచేయాలి. చట్టాన్ని గౌరవించే అతిథి వల్ల ఆతిథేయులకు చిక్కు రాదు.

రెండవది, ఆడబిడ్డల సంగతి. మహ్రమ్ లేని దూర ప్రయాణం విషయంలో హనఫీ ఉలమాల నియమం కఠినమైనది. భద్రమైన బృందంతో వెళ్ళడాన్ని అనుమతించే ఉలమాలూ నేడు ఉన్నారు. కుటుంబం తనకు నమ్మకమైన ఆలిమును సంప్రదించకుండా నిర్ణయం తీసుకోరాదు. వెళ్ళేది కొడుకైనా కూతురైనా, లోపల గడియ ఉన్న ప్రత్యేక గది, ఇంట పరాయి వ్యక్తితో ఒంటరిగా ఉండవలసిన పరిస్థితి రాకపోవడం, ఇబ్బంది కలిగితే వెంటనే ఫోను చేయదగిన నిర్వాహకుని సంఖ్య ఈ మూడూ వ్రాతపూర్వకంగా నిశ్చయించుకోవాలి. 'కుటుంబాన్ని మార్చండి' అని అడిగే హక్కు విద్యార్థికి ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. ఓర్పు మంచిదే. అయితే ఓర్పు పేరుతో భయంలో బ్రతకమని ఏ తల్లీ బిడ్డకు నేర్పరాదు.

మన గడప సంగతి

అతిథికి మూడు దినాల ఆతిథ్యం హక్కు అని, ఆపైన పెట్టేది దానమని, ఇంటివారికి ఇబ్బంది కలిగేదాకా ఉండిపోవడం అతిథికి తగదని దైవప్రవక్త (స) బోధించారు. వినిమయ కార్యక్రమంలో బిడ్డ నెలల తరబడి ఉంటాడు. అంటే ఆ కుటుంబం మనకు రోజూ దానం చేస్తున్నదన్న మాట. ఆ ఋణాన్ని తీర్చే మార్గం వినిమయం అన్న పేరులోనే ఉన్నది. మన బిడ్డను వారు చూసుకుంటే, వారి బిడ్డను మనం చూసుకోవాలి.

చీనీ అతిథి మన సీమకు రావడం కొత్త కాదు. బౌద్ధ యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ క్రీ.శ. 640 ప్రాంతంలో తెలుగు దేశానికి వచ్చి ధాన్యకటకంలో ఉండి చదువుకున్నాడు. అటుపిమ్మట తాను చూసిన 'చులియ' అనే దేశం గురించి వ్రాశాడు. దానిని రేనాటి చోళులు ఏలిన కడప, కర్నూలు ప్రాంతంగా చరిత్రకారులు పలువురు గుర్తించారు. ఆయన వర్ణన మనకు పొగడ్తగా లేదు: జనం పలుచన, అడవులు, వేడి, దొంగల భయం. ఒక అతిథి మన నేల గురించి వ్రాసి వెళ్ళిన మాట పదమూడు శతాబ్దాలు దాటినా నిలిచి ఉన్నది. రేపు మన ఇంటికి వచ్చే బిడ్డ ఏమి వ్రాసుకొని వెళుతుందో ఆలోచించాలి.

ఒక చీనీ బాలిక మే నెలలో కర్నూలులో మన ఇంట దిగితే ఏమి ఎదురవుతుంది? నలభై డిగ్రీలు దాటిన ఎండ. కొళాయి రాని రోజున ఒక్క బకెట్టు నీటి స్నానం. కారం దట్టించిన కూర, జొన్న రొట్టె, రాగి సంగటి, శెనక్కాయల ఊరుబిండి. పుల్లలతో తినే చేతికి దస్తర్‌ఖాన్ మీద చేతితో తినడం కొత్త. ఆమె చేయి ఆగినపుడు మనం నొచ్చుకుంటామా, కారణం అడుగుతామా? చుట్టుప్రక్కల వారు వచ్చి ఆమె కళ్ళను, రూపాన్ని హేళన చేస్తే మందలిస్తామా? కలిమా చెప్పమని మొదటి రోజే ఒత్తిడి చేస్తామా, లేక మన నడవడి చూసి ఆమే అడిగేదాకా ఆగుతామా? దైవప్రవక్త (స) విగ్రహారాధకులైన సఖీఫ్ తెగ ప్రతినిధులను మస్జిదె నబవీలోనే గుడారంలో దింపి ఆతిథ్యమిచ్చారు. వారు మన ఆరాధనను దగ్గరగా చూశారు. బలవంతం లేకుండానే వారి హృదయాలు తెరుచుకున్నాయి.

కాబట్టి బిడ్డను చైనాకు పంపదలచిన తల్లిదండ్రులు ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం కేటాయించండి. తినేవి, తిననివి, నమాజు వేళలు, చేయలేని పనులు ఒక పుటలో వ్రాయించండి. దానిని చీనీ భాషలోకి మార్పించి, కృతజ్ఞతతో మొదలయ్యే ఒక ఉత్తరంగా ఆ కుటుంబానికి ముందే పంపండి. ఆపైన బిడ్డ చేత ఇంట్లోనే రెండు మూడు సార్లు ఆ మాటలు నవ్వుతూ చెప్పించండి. సిగ్గరి బిడ్డకు ధైర్యం ఉపదేశంతో రాదు, అలవాటుతో వస్తుంది. అలాగే ఆ కుటుంబాన్ని కూడా అడిగించండి: మా బిడ్డ మీ ఇంట ఏమి చేయకూడదు? ఆ ప్రశ్న వేసిన కుటుంబం బిడ్డను ఆ ఇంటివారు పరాయిగా చూడరు.

అల్లాహ్ మన బిడ్డలను ఏ గడపలో ఉన్నా తన రక్షణలో ఉంచుగాక. వారికి అన్నం పెట్టిన చేతులకు మేలు కలుగజేయుగాక. ఆమీన్.